గీతకు అటువైపు

వదిన నిద్రపోతోందో, పోయినట్టు నటిస్తోందో ఆమెకు అంతుపట్టడం లేదు. తల మాత్రం తన భుజం మీదకు వాలి ఉంది. బస్సు వంతెన మొదట్లో ఆగిపోయి చాలాసేపయింది. ముందెక్కడో నీళ్ల గొట్టం పగిలిందట, రోడ్డంతా తవ్వేస్తున్నారట, కండక్టరు ఎవరితోనో అంటుంటే వినపడింది. ఇంజను మాత్రం ఆపలేదు. దాని వణుకు సీట్లోంచి తొడల్లోకి, తొడల్లోంచి పళ్లలోకి పాకుతోంది. కదిలితే వదిన లేస్తుంది, లేస్తే అడుగుతుంది, అడిగితే చెప్పాలి. అందుకని భుజం తిమ్మిరెక్కుతున్నా, ముక్కు దురద పెడుతున్నా ఆమె బిగుసుకుని కూర్చుంది. కదలనిది ఒళ్లొక్కటే. మనసు కాలు కాలిన పిల్లిలా డాక్టరు గదికీ ఈ సీటుకీ మధ్య తిరుగుతూనే ఉంది. ముందు సీట్లో ఒక పసిబిడ్డ తల్లి ఒళ్లో నిలబడి, కమ్మీ మీద గడ్డం ఆన్చి, వదిన వంకే రెప్ప వేయకుండా చూస్తోంది. ఏముందే అక్కడ అంత చూడ్డానికి, ఒక నడివయసు మనిషి, కాస్త పాలిపోయిన మొహం, కొంచెం తెరిచిన నోరు, అంతేగా.

డాక్టరు మంచివాడే. వయసులో చిన్నవాడు, పెన్ను మూత తీస్తూ పెడుతూ మాట్లాడాడు. కుడి ఊపిరితిత్తి పైభాగం తీసేశాం, గడ్డ దాంతోపాటే వచ్చేసింది, చుట్టుపక్కల గ్రంథుల్లో ఏమీ లేదు, మొదట్లోనే దొరికింది. ఇంతవరకు చెప్పి వదిన మొహంలోకి చూశాడు. వదిన ఇంకా అసలు సంగతి రాలేదన్నట్టు కూర్చుంది. అప్పుడతను 'అయితే' అన్నాడు. ఆ అయితే వెనకాల జన్యు పరీక్ష వచ్చింది. గడ్డలోని కొన్ని జన్యువులు ఎంత జోరుగా పనిచేస్తున్నాయో కొలిచే పరీక్ష. దాని ప్రకారం ఈ గడ్డ మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువున్న గుంపులో పడింది. కావాలంటే కీమో ఎక్కించుకోవచ్చు, నాలుగు విడతలు. తప్పనిసరి అని నేననను, అక్కర్లేదనీ అనలేను, ఆలోచించుకుని వచ్చే వారం చెప్పండి అన్నాడు. వదిన చెయ్యి చాపి పక్క కుర్చీ వైపు చూపించింది.

"ఆలోచించేది నేను కాదు బాబూ, ఇదిగో, మా ఆడపడుచు. ఈ జన్యువుల చదువే చదివింది. ఇది ఎలా చెబితే అలా."

అతను బరువు దించుకున్నవాడిలా ఆమె వైపు తిరిగాడు. మీరు ఈ రంగంలోనే ఉన్నారా, మరింకేం, మీకు నేను చెప్పేదేముంది అన్నాడు. ఆమె తలూపింది. అందులో తను ఎంతవరకు ఉందో చెప్పలేదు. ఆ జన్యువుల్ని ఏరినవాళ్లలో తానూ ఒకతెనని, ఒకప్పుడు కిటికీ సరిగా మూసుకోని ఒక గదిలో రోజుల తరబడి కూర్చుని ఇది ఉండాలి, అది పోవాలి అని కొట్లాడుకుని తేల్చిన పరీక్షే ఇదని చెప్పలేదు. చెబితే ఏమవుతుంది? అతను ఇంకాస్త మర్యాదగా లేచి నిలబడేవాడు. వదిన గడ్డ ఏమీ చిన్నబుచ్చుకునేది కాదు.

అన్నయ్య రాలేదు. కళ్లజోళ్ల షాపు మూస్తే బాగుండదన్నాడు, ఆపరేషను నాడు అదే షాపు మూసి రోజంతా ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్న మనిషి. వినలేక రావడం లేదని వదినకు తెలుసు, ఆమెకూ తెలుసు. మీరిద్దరూ వినండి, నాకు ఇంటికొచ్చాక చెప్పండి అన్నాడు తన కళ్లజోడు తుడుచుకుంటూ, తుడిచిందే మళ్లీ తుడుస్తూ. ఇప్పుడు షాపులో ఎవరికో అక్షరాల బోర్డు చూపిస్తూ ఉంటాడు, పై వరస చదవండి, కింది వరస చదవండి, చెవి మాత్రం ఫోను మీద.

బడిపిల్లలు ల్యాబు చూడ్డానికి వచ్చినప్పుడు ఆమె ఎప్పుడూ ఒకటే చెప్పేది. ఒక పెద్ద ఇల్లు అనుకోండి, అందులో బోలెడు మంది. మనుషులు ఎప్పుడూ వాళ్లే. కానీ ఇంట్లో పెళ్లి జరిగితే కొందరి గొంతు లేస్తుంది, ఎవరైనా పోతే ఇంకొందరి గొంతు లేస్తుంది, పోట్లాట వస్తే మూలన కూర్చునే ముసలాయన కూడా కేకలు వేస్తాడు. ఒంట్లో ప్రతి కణంలోనూ జన్యువులన్నీ ఉంటాయి, ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు నోరు మూసుకున్నారు అన్నదే తేడా. గడ్డలో ఎవరి గొంతు లేచిందో కొలిస్తే ఆ ఇల్లు ఎటు పోతుందో కాస్త ముందుగా ఊహించొచ్చు. కాస్త, అని నొక్కి చెప్పేది. పిల్లలు ఆ కాస్తను పట్టించుకునేవాళ్లు కాదు. తర్వాత తర్వాత పెద్దవాళ్లూ పట్టించుకోలేదు. కొన్నాళ్లకు ఆమె కూడా నొక్కడం మానేసింది.

వదిన గడ్డ ముక్కను వేడి మైనంలో పెట్టి ఉంటారు. చల్లారాక యంత్రానికి బిగించి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి ఉంటారు. ఆ పొరలు ఒకదాని వెనక ఒకటి రిబ్బనులా వస్తుంటే గోరువెచ్చటి నీళ్ల మీద తేలవేసి, చిన్న కుంచెతో ముడతలు సరిచేసి, గాజుపలక మీదకు ఎక్కించి ఉంటారు. ఎన్నిసార్లు చేసింది తను ఆ పని. మైనం వాసన చేతులకు పట్టేది, ఇంటికొచ్చి సబ్బుతో ఎంత తోమినా పోయేది కాదు. ఒక్కనాడూ అది ఫలానా మనిషిది అనిపించలేదు. అనిపిస్తే చెయ్యి వణుకుతుంది, చెయ్యి వణికితే పొర చిరుగుతుంది. ఇప్పుడెక్కడో ముక్కూ మొహం తెలియని పిల్ల ఒకతె, చెవుల్లో పాట పెట్టుకుని, మధ్యాహ్నం ఏం తినాలా అనుకుంటూ వదినను కోసి ఉంటుంది. పాపం దాని తప్పేముంది. చిరక్కుండా కోస్తే అంతే చాలు. వదినలో గొంతు లేచిన జన్యువులట. అసలు వదిన అంటేనే గొంతు. షాపు లోపలి గదిలోంచి పిలిస్తే వీధి చివర కుక్క లేచి చూసేది.

ఆ ఇంటికి వదిన వచ్చేనాటికి ఆమెకు పన్నెండేళ్లు. అమ్మ పోయి ఏడాదయింది, నాన్నకు మాటలు తగ్గిపోయాయి, బడిలో టీచరు ఈ పిల్ల మొద్దు అని తేల్చేసింది. పుల్లలా ఉండేది, అందుకే వదిన వచ్చిన రెండో రోజే పుల్లా అని పేరు పెట్టేసింది, కొత్త కోడలికి ఆ చొరవేమిటని ఎవరూ అడగలేదు, అడిగేందుకు ఇంట్లో ఎవరికీ ఓపిక లేదు. వారం రోజులు వదిన ఆ పిల్లను ఊరికే చూస్తూ తిరిగింది. పిల్ల గడియారం దగ్గరికెళ్లి ముక్కు ఆన్చి టైము చూడటం, అన్నం కంచంలో దేన్నో వెతుక్కోవడం, వీధిలో పలకరించినవాళ్లకు జవాబివ్వక పొగరుబోతు అనిపించుకోవడం. ఒక సాయంత్రం చెయ్యి పట్టుకుని షాపుకు లాక్కెళ్లి, అన్నయ్యను లేవమని, పెద్దవాళ్ల కుర్చీలో కూర్చోబెట్టింది. ఇది మొద్దు కాదు, దీనికి కనపడి చావడం లేదు అంది. బరువైన ఇనుప ఫ్రేము ముక్కు మీద పెట్టి అద్దాలు మార్చి మార్చి, ఇది బాగుందా, ఇది బాగుందా అని అడిగింది. పిల్ల భయపడి రెండూ బాగున్నాయంది. రెండూ ఎప్పుడూ బాగుండవు, ఏదో ఒకటే బాగుంటుంది, తప్పు చెబితే నేనేం కొట్టను, చెప్పు అంది వదిన. అప్పుడు ఏదో ఒక అద్దం టక్కున కూర్చుంది. ఎదురుగా కనపడింది బోర్డు మీది అక్షరాలు కాదు, వదిన మొహం. నుదుటి మీద చెమట, బుగ్గ మీద ఇంకా మానని మొటిమ, ఊపిరి బిగబట్టిన కళ్లు. అంతవరకూ పెద్దామె అనుకున్న మనిషి ఇంచుమించు తనలాంటి పిల్లే. తెలియని ఇంట్లో, మాట్లాడని మామగారితో, చూపు ఆనని ఆడపడుచుతో ఏం చెయ్యాలో పాలుపోని పిల్ల. ఆ సంగతి వదినకు ఎప్పుడూ చెప్పలేదు. కనపడుతోందా అంటే కనపడుతోంది అని మాత్రం అంది.

బస్సు ఒకసారి ముందుకు ఉరికి మళ్లీ ఆగింది. వదిన తల జారి, మళ్లీ సర్దుకుంది. సర్దుకున్న తీరు చూస్తే మెలకువగానే ఉన్నట్టుంది. పసిబిడ్డ నవ్వింది, దానికి తెలిసిపోయినట్టుంది. ఆమె కిటికీ వైపు మొహం తిప్పుకుంది.

మూడేళ్లు మాట్లాడుకోలేదు మరి. లెక్కకు రాని చిన్న విషయం. ఒక సంబంధం వచ్చింది, అవతలివాడు మంచివాడే, ఆమె వద్దంది. అంతకు ముందు కూడా వద్దంది, ఆ ముందూ వద్దంది. ముక్కూ మొహం తెలియనివాళ్ల ముక్కలకు ఇచ్చే పొద్దు ఒక మనిషికి ఇవ్వలేవా, ఆ గాజుపలకల మధ్యే ముసలిదానివై ఎండిపోతావు అంది వదిన. అంటే అంది, వదిన అననిదేముంది, చిన్నప్పటి నుంచి అంతకంటే పెద్దవి ఎన్ని పడలేదు. కానీ ఆ రోజు ల్యాబులో ఏదో సరిగా రాలేదు, తలనొప్పిగా ఉంది, చెప్పులేసుకుని వచ్చేసింది. వదిన పిలవలేదు, ఆమె వెళ్లలేదు. పంతం అంటే వాళ్లిద్దరిదీ. అన్నయ్య మధ్యలో పడి నలిగాడు, పండక్కో పబ్బానికో రహస్యంగా ఫోను చేసి వాతావరణం గురించి మాట్లాడేవాడు. ఒక రోజు వాతావరణం అయిపోయాక కాస్త ఆగి, మీ వదిన దగ్గుతోందే, అద్దాలు అరగదీసే దుమ్మంటుంది, నాకెందుకో అనుమానంగా ఉంది అన్నాడు. ఆ సాయంత్రమే వెళ్లింది. గడపలో నిలబడి ఏం మాట్లాడాలా అని తటపటాయిస్తుంటే లోపలి నుంచి వదిన, వెనక్కి తిరిగి కూడా చూడకుండా, చెప్పులు దారిలో కాదు, పక్కన విడువు అంది. అంతే. మూడేళ్ల మౌనానికి అదే ముగింపు. ఆ మాట వెనకాలే దగ్గు వచ్చింది. పొడి దగ్గు, ఎక్కడో లోపల తలుపు కొట్టుకుంటున్నట్టు.

తర్వాత అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే. మీ ఇంట్లో ఎవరు సిగరెట్లు తాగుతారు? ఎవరూ తాగరు. అన్నయ్య అగ్గిపుల్ల పొగకే తుమ్ముతాడు. అయినా అడిగేవాళ్లు, ఏదో ఒక తప్పు దొరికితే వాళ్ల ఊపిరితిత్తులకు అభయం దొరుకుతుందన్నట్టు. విసిగిపోయి వదిన, నేనేనండీ, రోజుకో పెట్టె, మేడ మీద దాక్కుని, మా ఆయనకు చెప్పకండి అనేది. నమ్మినవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు చెప్పాలి. ఇది ఎలా చెబితే అలా. ఏం చెప్పాలి? వదినా, ఆ పరీక్ష అబద్ధం చెప్పదు, కానీ నీ గురించి చెప్పదు, నీలాంటి గుంపు గురించి చెబుతుంది అనా? అది డాక్టరు కూడా అన్నాడు. అంకెలు చెప్పాలా? అంకెలకు ఒళ్లు ఉండదు. కానీ ఆ అంకెల వెనక మనుషులు తనకు తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె పని అదే. ముక్కలిచ్చిన వాళ్లందరి ఇళ్లకూ ఆరునెలలకోసారి ఫోను చేసి ఎలా ఉన్నారని కనుక్కోవడం. బతికున్నారా అని అడగకూడదు, వారు ఎలా ఉన్నారండీ అని అడగాలి. అడిగాక అవతల ఎంతసేపు నిశ్శబ్దం ఉందో దాన్ని బట్టే సగం తెలిసిపోయేది. తెలిసింది తెలిసినట్టు కంప్యూటరులోకి ఎక్కిస్తే తెర మీద మెట్లు మెట్లుగా కిందికి దిగే గీత వచ్చేది. ఒక్కో మెట్టు ఒక్కో ఇల్లు. మధ్య మధ్యలో చిన్న చిన్న నిలువు గాట్లు, అవి ఫోను ఎత్తనివాళ్లవి, ఊరు మారినవాళ్లవి, చివరిసారి తెలిసినప్పటికి బతికే ఉన్నారు, ఆ తర్వాత లెక్కలో లేరు. సమావేశాల్లో అందరూ మెట్లనే చూసేవారు. ఆమె కళ్లు గాట్ల మీదకు పోయేవి.

ఒక పెద్దాయన ఉండేవాడు. పరీక్షలో అందరికంటే పై అంకె ఆయనది. ఆ అంకె చూసినవాడెవడూ ఆయనకు ఏడాది కూడా ఇవ్వడు. ఏళ్లు గడిచాక ఒక మధ్యాహ్నం ఫోను చేస్తే భార్య ఎత్తి, ఆయన నిచ్చెన మీద ఉన్నాడమ్మా, కప్పు కారుతోంది, పిలవనా అంది. కాసేపటికి ఆయాసపడుతూ ఆయనే వచ్చి, మళ్లీ నువ్వేనా, ఉన్నానో పోయానో చూసుకునే అమ్మాయివి, ఉన్నాను, చేతినిండా తారు ఉంది, సాయంత్రం చెయ్యి అని పెట్టేశాడు. ఆ రోజంతా నవ్వుకుంటూ తిరిగింది. ఇంకొకాయన బస్సు డ్రైవరు, అందరికంటే నెమ్మదైన అంకె, భయం లేని వైపు. రెండో ఫోనుకే ఆయన కూతురు ఎత్తింది, వారు ఎలా ఉన్నారండీ అంటే ఏమీ మాట్లాడలేదు, పెట్టేయనూ లేదు. వెనకాల కుళాయి నీళ్లు పడుతున్న చప్పుడు చాలాసేపు వినపడింది. వదినకు నిచ్చెన మీది పెద్దాయన కథ చెబితే ఎంత బాగుంటుంది. కళ్లు మెరుస్తాయి. కానీ ఆ కథ చెప్పి ఈ కథ దాచడం కుదరదు. రెండూ చెబితే చెప్పనట్టే.

పైగా ఇంకో గీత, ప్రమాదం ఎక్కువున్న గుంపును విడదీసేది. ఆ గీత గీసిన పూట బాగా గుర్తుంది. ఎండగా ఉంది, కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టారు. అందరి అంకెలూ చిన్నవాటి నుంచి పెద్దవాటిదాకా వరసగా పెడితే మధ్యలో ఎక్కడైనా ఖాళీ కనపడుతుందేమో, ఇటువైపు వీళ్లు, అటువైపు వాళ్లు అని తేలిగ్గా చెప్పొచ్చు అనుకున్నారు. ఖాళీ ఎక్కడా లేదు. క్యూలో భుజాలు రాసుకుంటూ నిలబడ్డ జనంలా అంకె పక్కన అంకె. ఎక్కడ గీద్దాం అన్నాడు పెద్దసారు. సగం అటు, సగం ఇటు వచ్చేలా నట్టనడుమ గీసేద్దాం, ఎవరూ వేలెత్తి చూపరు అంది ఆమె. అందరికీ నచ్చింది. వేరే ఆస్పత్రి రోగుల మీద చూసినా పనికొచ్చింది, మొదటిసారి అంత బాగా కాదు గాని పనికొచ్చింది. ఎక్కడో ఒకచోట గీయాలి కదా, గీయకపోతే ఏ డాక్టరూ ఏమీ చెయ్యలేడు. తప్పేమీ లేదు. ఇప్పటికీ ఎవరైనా అడిగితే అక్కడే గీస్తుంది. ఇందాక డాక్టరు బల్ల మీద వదిన అంకె చూసింది, తలకిందులుగానే చదివేసింది. గీతకు వెంట్రుకవాసి పైన. ఆ పూట తన వేలు కాస్త పైకి జరిగుంటే ఇవాళ ఆ పెన్ను మూత ఆడేది కాదు, ఇంటికెళ్లి హాయిగా ఉండండి అనేవాడు. హాయిగా ఉండేవాళ్లు. గడ్డకు గీత సంగతి తెలియదు. అది రావాలనుంటే వస్తుంది, లేకపోతే లేదు. తెలిసింది మనుషులకే, తెలిశాక హాయి పోయింది.

ఎక్కించుకోమంటే? వాంతులు, చెవుల్లో హోరు, అవి సరే. వేళ్లు మొద్దుబారొచ్చన్నాడు డాక్టరు, తేలిగ్గా, దారిలో ఒక గుంట ఉందన్నట్టు. వదిన వేళ్లు. కంటికి ఆనని స్క్రూలను ఫ్రేము చెవిలోకి ఒక్క తిప్పులో దింపే వేళ్లు. షాపుకు వచ్చేవాళ్లు కళ్లు చూపించుకునేది అన్నయ్యకే అయినా జోడు ముక్కు మీద నిలబడేది వదిన చేతి చలవ. ఆ వేళ్లలో చూపు పోతే? వద్దంటే? వద్దని, రెండేళ్లకో మూడేళ్లకో మళ్లీ ఆ తలుపు కొట్టుకునే దగ్గు వినపడితే? అప్పుడు ఎవరి మొహం ఎవరు చూడాలి? ఎక్కించుకో అంటే భయం, వద్దంటే భయం, ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అందులో పడేది తను కాదు, వదిన. ఒడ్డున నిలబడి ఎటు దూకాలో చెప్పేది మాత్రం తను. రెండూ ఎప్పుడూ బాగుండవు. కానీ రెండూ బాగోకపోతే?

"ఎంతసేపే అలా ఊపిరి బిగబట్టి కూర్చుంటావు," అంది వదిన కళ్లు తెరవకుండానే. "ఊపిరితిత్తులు నిండుగా ఉన్నదానివి, నువ్వన్నా వాడుకో."

ఆమె ఉలిక్కిపడింది. "నిద్రపోలేదా?"

"నీ పక్కన నిద్రెలా పడుతుంది, కుట్టుమిషను మీద తల పెట్టుకున్నట్టుంది. ఇక ఈ బస్సు కదలదు గానీ, దిగుదాం పద. నడుస్తూ మాట్లాడుకుందాం."

దిగారు. వంతెన మీద కాలిబాట ఖాళీగా ఉంది. కింద రైలు పట్టాలు, ఎవరో ఆరేసిన దుప్పట్లు. వదిన కమ్మీ పట్టుకుని మెల్లగా నడుస్తోంది, నాలుగడుగులకోసారి, ఆయాసానికి కాదు, కింద ఏదో చూడ్డానికి ఆగినట్టు ఆగుతోంది. ఆమె మాటలు కూడగట్టుకుంది. అన్నీ వరసగా చెప్పాలనుకుంది, ముందు గుంపులు, తర్వాత శాతాలు, తర్వాత మందు వల్ల మేలెంత కీడెంత. నోరు తెరిస్తే వచ్చింది వేరు.

"ఆ పరీక్షలో గీత నేనే గీశాను వదినా."

"ఏ గీత?"

చెప్పింది. కిటికీకి పెట్టిన అట్టముక్కతో సహా చెప్పింది. వదిన వింటూ నడిచి, అంతా అయ్యాక ఆగింది. ఈసారి ఆయాసానికో, మాటకో తెలియలేదు.

"నేను దానికి ఎంత దూరంలో ఉన్నాను?"

"వెంట్రుకవాసి."

"అంత దగ్గర్లో ఉన్నదాన్ని, కాస్త పక్కకు గీసుంటే నీ సొమ్మేం పోయేదే," అంది వదిన. తర్వాత ఆమె మొహం చూసి చెయ్యి పట్టుకుంది. "ఏయ్ పుల్లా. వేళాకోళానికన్నాను. నేనొస్తానని నీకేమన్నా కల వచ్చిందా అప్పుడు."

"దాని అర్థమేమిటంటే వదినా, ఇలాంటివాళ్లు వందమంది ఉంటే వాళ్లలో..."

"ఆపు. బడిపిల్లలకు చెప్పినట్టు నాకు చెప్పకు. వందమంది సంగతి నాకెందుకు, వాళ్లెవరూ నాకు తెలియదు." వదిన గాలి పీల్చుకుంది, ఆ పీల్చడం మధ్యలో ఎక్కడో తెగి మళ్లీ అతుక్కుంది. "ఆ కుర్రాడు చెబుతున్నంతసేపూ నిన్నే చూస్తున్నాను. నీ మొహం గోడలా ఉంది. దీనికి అంతా తెలుసు, దీనికేమీ అనిపించడం లేదంటే ఇంకేం ఫరవాలేదా, లేకపోతే అంతా అయిపోయిందా, ఎటూ తేల్చుకోలేక చచ్చాను. నీకెలా ఉందో అది చెప్పు."

కింద ఏదో రైలు వస్తున్నట్టు పట్టాలు సన్నగా మోగాయి. ఇన్నేళ్లలో ఆమె ఎన్ని రకాలుగా చెప్పడం నేర్చుకుంది, ఎంత జాగ్రత్తగా, ఎంత నిదానంగా, ఏ మాట ముందు ఏ మాట వెనక. వాటిలో ఒక్కటీ నోటికి అందలేదు.

"భయంగా ఉంది," అంది.

వదిన కమ్మీకి వీపు ఆన్చింది. కళ్లు మూసుకుని తెరిచింది.

"హమ్మయ్య. ఇప్పటిదాకా నాకొక్కదానికే ఉందనుకున్నాను."

రైలు కింద నుంచి వెళ్లింది. చాలా పెట్టెలు. అది పోయేదాకా ఇద్దరూ చేతులు వదల్లేదు. ఆమె ఏడుస్తోంది, వదిన ఏడవడం లేదు, ఏడిస్తే ఆయాసం వస్తుందని ఆపుకుంటోంది, గడ్డం అదురుతోంది. గాలికి దుప్పట్లన్నీ ఒక్కసారి లేచి మళ్లీ పడ్డాయి. రైలు వెళ్లిపోయాక వదిన ముక్కు తుడుచుకుని, మామూలు గొంతుతో అడిగింది.

"వేళ్లు మొద్దుబారితే తిరిగొస్తాయా?"

"కొందరికి వస్తాయి. కొందరికి పూర్తిగా రావు."

"నువ్వయితే ఏం చేస్తావు?"

"ఎక్కించుకుంటాను. కానీ వదినా, తర్వాత అది రాకపోతే మందు వల్ల రాలేదో, ఎటూ వచ్చేది కాదో ఎప్పటికీ తెలియదు. ఊరికే వేళ్లు పోగొట్టుకున్నట్టు కూడా కావచ్చు. నేను చెప్పానని చెయ్యకు."

"నువ్వు చెప్పావని ఎప్పుడు చేశాను గనక." వదిన తన చెయ్యి ఎత్తి, వేళ్లు విడదీసి, ముడిచి, మళ్లీ విడదీసి చూసుకుంది. ఎవరివో కొత్త వేళ్లు చూస్తున్నట్టు చూసింది. "ఎక్కించుకుంటాను. నువ్వు చెప్పావని కాదు. ఒకవేళ మళ్లీ వస్తే, అప్పుడు ఎక్కించుకోవాల్సింది అని రాత్రీ పగలూ నీ మొహంలో చదువుకుంటూ కూర్చోవడం నా వల్ల కాదు. మీ అన్నయ్య మొహంలోనూ. వేళ్లు లేకపోయినా బతుకుతాను గానీ ఆ రెండు మొహాలతో బతకలేను. స్క్రూలు ఆయన బిగిస్తాడు. సగం కింద పడేసి బల్ల కింద దూరతాడు, దూరనీ. నాలుగు విడతలకూ నువ్వే రావాలి. ఆయన సూది చూస్తే పడిపోతాడు, అప్పుడు ఇద్దర్ని మోసుకుపోవాలి నువ్వు."

"వస్తాను."

"సెలవు ఇస్తారా?"

"ఇవ్వకపోయినా వస్తాను."

అన్నయ్య ఫోను అప్పుడొచ్చింది. వదిన సంచిలో మోగింది. వదిన తీసి, మాట్లాడనివ్వకుండానే, ఆ, అయింది, వస్తున్నాం, బస్సు ఆగిపోతే నడుస్తున్నాం, లేదు, ఆయాసం లేదు, ఆకలేస్తే తిను, నాకోసం చూడకు, ముందు గొంతు సరిచేసుకో, నువ్విలా మాట్లాడితే పెట్టేస్తాను అంది. కాసేపు విన్నది. తర్వాత ఫోను ఆమె చేతిలో పెట్టింది. నిన్నే అడుగుతున్నాడు, నేను నడుస్తూ ఉంటాను, వీపులో చలి పెడుతోంది అని కమ్మీ వదిలి, దేన్నీ పట్టుకోకుండా, వంతెన దిగువకు నడవడం మొదలుపెట్టింది.

ఫోనులో ముందు చప్పుళ్లే వినపడ్డాయి. షాపులో గోడగడియారం చప్పుడు, తలుపు గంట, ఎవరో ఫ్రేము ఎంత అని అడగడం, ఒక్క నిమిషం అని అన్నయ్య అనడం. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు అడిగాడు.

"నిజం చెప్పవే. మీ వదిన ఉంటుందా?"

ఆమె ఎదురుగా చూసింది. వంతెన వాలులో వదిన నడక కొంచెం వేగం అందుకుంది, ఆపరేషనైన వైపు భుజం ఇంకా ఎత్తి పట్టుకునే ఉంది, ఎవరో కుర్రాడి సైకిలు అడ్డం వస్తే పక్కకు తప్పుకుని అతన్ని ఏదో కసురుతోంది కూడా.

"తెలియదు అన్నయ్యా," అంది. "ఇప్పుడైతే నాకంటే చాలా ముందుంది. ఉండు, పరుగెత్తి అందుకోవాలి."